రాలేదని రాసుకున్న మంగళవారం

మీ పుస్తకంలో నా పేరు పక్కన
ఎర్ర సిరాతో అడ్డగీతలు రెండు పడ్డాయంట.
ఫోన్ చేసిన సిస్టరమ్మ చెప్పింది,
"మాల్యాద్రీ, పోయిన నెలా రాలా, ఈ నెలా రాలా."

పోయిన నెలది నిజమే. రాలా.
బ్యారన్ ఎక్కించిన మూడో రాత్రి అది.
ఆకు పసుపు తిరిగేదాకా పొయ్యి కాడ మనిషి కదలకూడదు.
వేడి ఒక గీత పెరిగితే ఆకు కమిలిపోద్ది,
ఒక గీత తగ్గితే పచ్చ అట్టనే నిలబడిపోద్ది,
వేలంలో బయ్యరు ఆ బేలు వైపు చూడకుండానే నడిచిపోతాడు.
రాత్రంతా పాదరసం కనిపెట్టుకుని ఉండేవాడికి
మీ తెల్లబిళ్ళ నిద్ర ఇస్తది.
నిద్ర మంచిదే డాక్టరమ్మా,
కాకపోతే ఆసామి అప్పు చేసి వేసిన ఆకు పక్కన
అది రాకూడదు.
అందుకని బిళ్ళ మానేశా.
మానేసినోడు మీ ముందు కూర్చుని ఏం చెప్తాడు?
"మందులు సరిగ్గా వాడుతున్నావా?"
ఆ ఒక్క మాటకి జడిసి
కట్టెలు ఎగదోసుకుంటా ఉండిపోయా.

ఈ నెల మాత్రం వచ్చా.

ఆరున్నర బస్సు ఎక్కా, కొండపిలో.
నాలుగేళ్ళుగా ఊళ్ళో చెప్పుకునే మాట ఒకటుంది: కళ్ళు.
పొగకి కళ్ళు మండుతున్నాయని,
ఒంగోలు పెద్దాసుపత్రిలో చూపించుకుంటున్నానని.
మా కోటేశ్వరమ్మ కుట్టిందా మాట,
నా ఒంటికి సరిపోయే కొలతకి.
ఆ పొద్దు పక్క సీట్లో చెంచురామయ్య మామ.
"ఒరే, నాకూ కుడికన్ను మసకేస్తా ఉంది.
ఏ గదికి పోవాలో తెలవక ఇన్నాళ్ళు ఆగా.
నువ్వుండావు గదా."
టంగుటూరులో దిగిపోదామనుకున్నా.
దిగితే మామ ఒంటరైపోతాడు.

చీటీల కాడ నాకంటే ముందే కిటికీలో తలపెట్టి
"ఇద్దరికీ కళ్ళకే రాయమ్మా" అన్నాడు.
ఆ అమ్మాయి రాసింది.

మీ గది దాటుకునే పోయాం.
తలుపు తీసే ఉంది. మీరు ఎవరికో రాస్తా ఉన్నారు, తల ఎత్తలా.
బల్ల మీద ఎప్పుడూ నా ముందు నంబరాయన
నన్ను గుర్తుపట్టి చెయ్యెత్తబోయాడు.
నేను గోడ మీద దోమల బొమ్మ చదవటం మొదలుపెట్టా.
ఎత్తిన చెయ్యి మధ్యలో ఆగి
తల గోక్కుని కిందికి దిగింది.
ఆయన పేరు నాకు తెలవదు.

కళ్ళ డాక్టరు కుర్రోడు.
గోడ మీది అక్షరాలు చివరి వరసదాకా చదివించి
"నీ చూపు బాగుందయ్యా, మరి ఎందుకొచ్చావు?" అన్నాడు.
ఆ ప్రశ్న మీరు అడిగుంటే చెప్పేవాణ్ణి.
చుక్కలమందు తీసుకుని బయటపడేసరికి ఒంటిగంట దాటింది.
మీ గదికి తాళం.
మామకి శుక్లమంట.
ఆపరేషనుకి మళ్ళీ మంగళవారమే రమ్మన్నారు,
తోడు నేనేనంట.

మాలకొండ సామి శనివారం తప్ప తలుపు తియ్యడు.
తప్పినోణ్ణి ఆయన ఫోన్ చేసి అడగడు.
మీరు అడిగారు.
అప్పుడు నా చుట్టూ ఆకు అల్లే ఆడోళ్ళుండారు,
"రాంగ్ నంబరు" అని పెట్టేశా.
సిస్టరమ్మకి చెప్పండి, ఆమె నంబరు తప్పు కాదని.

ఈ కాగితం కోటేశ్వరమ్మ తెస్తది.
బిళ్ళలు ఆమె చేతికియ్యండి,
ఈసారికి నన్ను చూడకుండానే.
చీటీ మీద గది నంబరు ఒక్కటే వెయ్యండి, గది పేరు వద్దు.
పొయ్యిలో కట్టె చిట్లినప్పుడల్లా నా పేరు వినపడతా ఉంది.
పిలిచేది కట్టేనని ఇంకా అనుకోగలుగుతున్నా.

చుక్కలమందు మాత్రం ఒక్కపూట తప్పలా.
రోజూ పొద్దున్నే వాకిట్లో మంచం మీద కూర్చుని,
తల వెనక్కి వాల్చి,
దారిన పోయే నలుగురూ చూసేట్టు వేసుకుంటున్నా.